పాల వాసన, గంధకం, దాణా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఆరు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఆవుకు పెట్టే మేతలో, దాణాలో, తాగే నీటిలో ఉన్న గంధకం పాలలోకి ఎంతవరకు వస్తుంది, ఏ రూపంలో వస్తుంది, దానివల్ల వాసన గానీ హాని గానీ ఉంటుందా అన్నది అందరి సందేహం. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మాకు నాలుగు సంకర జాతి ఆవులు ఉన్నాయి. పశువైద్యుల సలహాపై రెండు నెలలుగా ఒక్కో ఆవుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 15 గ్రాముల బైపాస్ మిథియోనిన్ (మొదటి పొట్టలో కరగకుండా పైపూత వేసిన అమైనో ఆమ్లపు గుళికలు) ఇస్తున్నాను. పాలు కొంచెం పెరిగాయి. అయితే మూడు వారాలుగా సాయంత్రం పాలు ఉడికిన క్యాబేజీ వాసన వస్తున్నాయని కేంద్రంలో తిరగ్గొడుతున్నారు. ఉదయం పాలకు ఏ ఇబ్బందీ లేదు. మిథియోనిన్‌లో గంధకం ఉంటుందనీ, వాసన దానివల్లేననీ తెలిసినవారు చెప్పడంతో అదీ, ఖనిజ లవణాలూ రెండూ ఆపేశాను. పది రోజులైనా వాసన పోలేదు. పచ్చి మేత చాలక మార్కెట్ నుంచి క్యాబేజీ పై ఆకులు తెచ్చి, సాయంత్రం పాలు పితకబోయే ముందు వేస్తున్నాను. వాసన దేనివల్ల?
— పాడి రైతు, కుప్పం ప్రాంతం, చిత్తూరు జిల్లా

జవాబు: కారణం మీ ఉత్తరం చివరి వాక్యాలలోనే ఉంది. అది క్యాబేజీ ఆకు, అందులోనూ ఆ ఆకు వేస్తున్న వేళ. మీరు ఆపేసిన రెండింటిలో దేనికీ ఈ వాసనతో సంబంధం లేదు కనుక వాటిని మళ్ళీ మొదలుపెట్టండి. ఖనిజ లవణ మిశ్రమాన్ని మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు. పాలిచ్చే ఆవు తన ఎముకలలోని కాల్షియాన్ని, భాస్వరాన్ని కరిగించి పాలలోకి పంపుతూ ఉంటుంది. ఎవరో చెప్పిన మాట మీద ఆ లోటు పూడ్చే మిశ్రమాన్ని ఆపేసిన రైతుల ఉత్తరాలు మాకు తరచుగా వస్తుంటాయి. ఆవు ఎదకు రావడం లేదని ఆ తరువాత మరో ఉత్తరం వస్తుంది. అందుకే ఈ జవాబు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. మీ ఆవు రోజుకు సుమారు 12 కిలోల పొడి పదార్థం (నీరు పోగా మిగిలే మేత) తింటుందనుకుంటే, అందులో 0.2 శాతం, అంటే 24 గ్రాముల గంధకం దానికి అవసరం. ఖనిజ లవణ మిశ్రమంలో గంధకం సాధారణంగా రెండు మూడు శాతం మించదు కాబట్టి 50 గ్రాముల మిశ్రమం ద్వారా అందేది ఒకటిన్నర గ్రాములే. మిథియోనిన్‌లో దాని బరువులో సుమారు 21 శాతం గంధకం ఉంటుంది. 15 గ్రాముల బైపాస్ గుళికలలో పైపూత బరువు తీసేస్తే అందేది మూడు గ్రాముల లోపే. రెండూ కలిపినా ఆవు రోజువారీ అవసరంలో అయిదో వంతు కాదు. మిగిలినదంతా గడ్డిలో, చెక్కలో, తవుడులో మాంసకృత్తుల రూపంలో ఎప్పుడూ వస్తున్నదే.

ఇలా లోపలికి వెళ్ళిన గంధకం పాలలోకి రెండు దారులలో వస్తుంది. మొదటిది మాంసకృత్తుల దారి. ఆవు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని గంధకంతో మిథియోనిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలను తయారు చేసుకుంటాయి. ఆ సూక్ష్మజీవులు తరువాత చిన్నపేగులో అరిగిపోగా, ఆ అమైనో ఆమ్లాలు రక్తంలో కలిసి పొదుగుకు చేరి కేసీన్‌గా, బీటా లాక్టోగ్లోబ్యులిన్‌గా మారతాయి. లీటరు ఆవు పాలలో మొత్తం గంధకం 0.3 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది, అందులో అత్యధిక భాగం ఈ మాంసకృత్తులలో బంధించి ఉన్నదే. దానికి వాసన లేదు. పైగా ఏ మాంసకృత్తులో ఎన్ని సిస్టీన్‌లు, ఎన్ని మిథియోనిన్‌లు ఉండాలన్నది ఆవు జన్యువులు నిర్ణయిస్తాయి. బీటా లాక్టోగ్లోబ్యులిన్‌లో 162 అమైనో ఆమ్లాలు ఉంటాయి, వాటిలో సిస్టీన్‌లు అయిదు. మీరు ఎంత మిథియోనిన్ పెట్టినా ఆరోది చేరదు. బైపాస్ మిథియోనిన్ వల్ల పెరిగేది పాలలోని మాంసకృత్తుల మొత్తమే, అదీ శాతంలో పదో వంతు అటూ ఇటూగా.

రెండో దారి ఆవిరయ్యే చిన్న అణువులది. డైమిథైల్ సల్ఫైడ్, మీథేన్ థయాల్, డైమిథైల్ డైసల్ఫైడ్ వంటివి ఈ జాతివి. ఇవి లీటరు పాలలో మైక్రోగ్రాములలో మాత్రమే ఉంటాయి, కానీ ముక్కు వీటిని ఇట్టే పట్టేస్తుంది. డైమిథైల్ సల్ఫైడ్ అయితే లీటరుకు కొన్ని పదుల మైక్రోగ్రాములు ఉంటే చాలు, తేడా తెలిసిపోతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ కుటుంబపు ఆకులలో ఈ అణువులకు మూలమైన పదార్థాలు దండిగా ఉంటాయి. మీ పాలకు ఉడికిన క్యాబేజీ వాసన అన్నారు చూడండి, నిజంగా క్యాబేజీ ఉడికినప్పుడు వచ్చే వాసనకు ముఖ్య కారణం కూడా ఈ డైమిథైల్ సల్ఫైడే. లూసర్న్ గడ్డిలోనూ దీని మూలపదార్థం ఉంటుంది, కనుక పితికే ముందు లూసర్న్ కడుపునిండా పెట్టినా ఇదే జాడ కనిపించవచ్చు.

ఈ అణువులు పొదుగుకు చేరే తీరు చాలామందికి తెలియదు. అరిగిన మేత నుంచి రక్తంలోకి రావడం ఒక మార్గం, దానికి గంటలు పడుతుంది. అంతకంటే వేగంగా పనిచేసేది ఊపిరి మార్గం. ఆవు మేత వాసనను నేరుగా పీలుస్తుంది. అదీ కాక నెమరు వేసేటప్పుడు, త్రేన్చేటప్పుడు మొదటి పొట్టలోని వాయువులో పెద్ద భాగం గొంతు దాటి ఊపిరితిత్తులలోకి పోతుంది. అక్కడి నుంచి రక్తంలోకి, రక్తం నుంచి పొదుగులోకి చేరడానికి అరగంట కూడా పట్టకపోవచ్చు. అందుకే పితకబోయే ముందు వేసిన ఆకు అదే పూట పాలలో పలుకుతుంది. మంచి సంగతి ఏమిటంటే ఈ దారి రెండు వైపులా తెరిచి ఉంటుంది. రక్తంలో ఆ వాసన పదార్థం తగ్గేకొద్దీ పొదుగులో నిలిచిన పాల నుంచి అది తిరిగి రక్తంలోకి పోయి, ఊపిరితో బయటికి వెళ్ళిపోతుంది. మీ ఉదయం పాలు బాగుండడానికి కారణం ఇదే. రాత్రంతా ఆవు శరీరమే పాలను శుభ్రం చేసుకుంది.

న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలలో పచ్చిక బయళ్ళలో మొలిచే ఒక ఆవ జాతి కలుపు మొక్క వల్ల వెన్నకు కాలిన వాసన పట్టి, అక్కడి పాడి పరిశ్రమ ఏళ్ళ తరబడి ఇబ్బంది పడింది. ఆ మొక్క తిన్న ఆవు పాలలో బెంజైల్ మిథైల్ సల్ఫైడ్ అనే గంధక పదార్థం ఉన్నట్లు పరిశోధకులు తేల్చారు. మీగడను ఆవిరితో వేడిచేసి, గాలి తక్కువ ఒత్తిడిలో ఉంచి వాసనను లాగేసే యంత్రాలను న్యూజిలాండ్‌లో ఇటువంటి మేత వాసనల కోసమే తయారు చేశారు. మీకు అంత అవసరం లేదు. క్యాబేజీ ఆకును పాలు పితికిన వెంటనే వేయండి. తరువాతి పితుకుడుకు అయిదు గంటల ముందే తొట్టి ఖాళీ అయ్యేటట్లు చూసుకోండి. ఆకును పాకలో కుప్ప పోయకుండా దూరంగా ఉంచండి, ఎందుకంటే ఆ గాలి పీల్చినా పాలకు వాసన పడుతుంది. ఇలా మూడు రోజులు చేసి, ఒక్కో ఆవు పాలను విడివిడిగా మూత ఉన్న స్టీలు గ్లాసులలో తీసుకుని, గోరువెచ్చగా ఉన్నప్పుడు మూత తీసి వాసన చూడండి. ఒక్క ఆవు పాలలోనే వాసన మిగిలితే అప్పుడు పొదుగువాపును, ఆ ఆవు జీర్ణక్రియను అనుమానించాలి.

క్యాబేజీ ఆకు పరిమాణం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ ఆకులలోని ఒక గంధక పదార్థం మొదటి పొట్టలో డైమిథైల్ డైసల్ఫైడ్‌గా మారి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. పచ్చి మేతలో ఇది కొంత భాగంగా ఉండాలే తప్ప అదే మేత కాకూడదు.

బైపాస్ మిథియోనిన్ విషయంలో నా అభిప్రాయం వేరుగా చెబుతాను. రోజుకు 15 లీటర్లు దాటి ఇచ్చే ఆవుకు, అందులోనూ సోయా చెక్క లేదా వేరుశనగ చెక్క మీద ఆధారపడిన దాణా తినేదానికి, అది పనికొస్తుంది. ఎనిమిది పది లీటర్ల ఆవుకు ఆ డబ్బుతో మంచి పచ్చి మేత పెంచుకోవడమే మేలు. ఇవ్వదలచుకుంటే మాత్రం గుళికలను దంచవద్దు, ఉడుకుతున్న దాణాలో కలపవద్దు. పైపూత పగిలితే ఆ మిథియోనిన్‌ను మొదటి పొట్టలోని సూక్ష్మజీవులే విరగ్గొట్టి దుర్వాసన వాయువులుగా మార్చేస్తాయి, ఆవుకు అందేది ఏమీ ఉండదు. సంచి విప్పగానే కొట్టే ఘాటైన గంధకపు వాసనను చూసి అది పాలలోకీ వస్తుందని భయపడనక్కర లేదు.

ప్రశ్న: ఉల్లి ధర పడిపోయి, అమ్మితే కోత కూలి కూడా రాని పరిస్థితి వచ్చింది. పారబోయడానికి మనసొప్పక ఆవులకు, ఎద్దులకు గంపలతో వేస్తున్నాం. పాలు ఉల్లి వాసన వస్తున్నాయి. కాచినా పూర్తిగా పోవడం లేదు. పశువులకేమైనా ప్రమాదమా?
— కర్నూలు జిల్లా రైతు

జవాబు: పండించిన పంటను పారబోయలేని మీ బాధ మాకు అర్థమవుతోంది. అయినా పాల వాసన కంటే ముందు పశువు ప్రాణం గురించి హెచ్చరించక తప్పదు. ఉల్లిని కోసినా నమిలినా వెలువడే డైసల్ఫైడ్ పదార్థాలు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పాడుచేసి ఎర్ర కణాలను పగలగొడతాయి. గొర్రెలు, మేకల కంటే ఆవులు, ఎద్దులు దీనికి త్వరగా లొంగిపోతాయి. ఎక్కువగా తిన్న పశువుకు కొద్ది రోజులలోనే మూత్రం ఎర్రగా లేదా కాఫీ రంగులో రావడం, కంటి లోపలి రెప్ప పాలిపోవడం, నడిస్తే ఆయాసపడడం కనిపిస్తాయి. ఈ లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా ఉల్లిని పూర్తిగా మాని, అదే రోజు పశువైద్యుని పిలవండి.

పశువు తినే పొడి పదార్థంలో ఉల్లి 25 శాతం మించకూడదన్నది మాంసం కోసం పెంచే పశువులకు చెప్పే హద్దు. పాడి ఆవుకు పదో వంతు దాటకుండా ఉంటేనే క్షేమమని నా అభిప్రాయం. ఉల్లిలో నీరు పోగా పొడి పదార్థం పది పన్నెండు శాతమే కాబట్టి, 12 కిలోల పొడి పదార్థం తినే పశువుకు రోజుకు 10 కిలోల పచ్చి ఉల్లి అంటే ఆ పదో వంతు హద్దుకు చేరినట్లే. చూడి ఆవులకు అసలు వేయకండి. గడ్డను నిండుగా మింగితే గొంతులో అడ్డుపడుతుంది కనుక తరిగి, ఎండు గడ్డితో కలిపి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. నల్ల బూజు పట్టినవి ఏ పశువుకూ పనికిరావు.

వాసన కాచినా పోకపోవడానికి కారణం ఉంది. క్యాబేజీ వాసనకు కారణమైన డైమిథైల్ సల్ఫైడ్ 37 డిగ్రీల దగ్గరే మరిగిపోయే పదార్థం, మూత లేకుండా కాస్తే చాలావరకు ఎగిరిపోతుంది. ఉల్లి, వెల్లుల్లిలోని డైసల్ఫైడ్‌లు అంత తేలికగా ఆవిరి కావు, పైగా మీగడలో కరిగి నిలిచిపోతాయి. అందుకే పెరుగులో, నెయ్యిలో కూడా ఆ జాడ దొరుకుతుంది. ఉల్లిని చూడి లేని వట్టిపోయిన పశువులకు, ఎద్దులకు పరిమితం చేసి, పాలిచ్చే వాటిని ఆ తొట్టికి దూరంగా కట్టేయడమే దారి. వెల్లుల్లికీ ఇదే వర్తిస్తుంది. ఆవులు త్రేన్చే మీథేన్‌ను తగ్గించడానికి వెల్లుల్లి సారాన్ని దాణాలో కలిపే ప్రయత్నాలు కొన్ని దేశాలలో జరుగుతున్నాయి, అక్కడ కూడా పాలకు వాసన పట్టకుండా మోతాదు నిర్ణయించడం పెద్ద చిక్కుగానే ఉంది.

ప్రశ్న: మా బోరు నీరు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఆవులు అవే నీళ్ళు తాగుతాయి. పాలలోకి గంధకం దిగుతుందా?
— అనంతపురం జిల్లా

జవాబు: పాలకు ఆ వాసన పట్టదు. ఆ వాసనకు కారణమైన సల్ఫైడ్ రక్తంలో చేరితే కాలేయం దాన్ని వెంటనే సల్ఫేట్‌గా మార్చేస్తుంది, సల్ఫేట్‌కు వాసన లేదు. ఆలోచించవలసింది ఆవు గురించే. నీటిని పరీక్ష చేయించి సల్ఫేట్ ఎంతుందో చూడండి. లీటరుకు 1000 మిల్లీగ్రాములు ఉంటే, రోజుకు 60 లీటర్లు తాగే ఆవుకు 60 గ్రాముల సల్ఫేట్, అంటే 20 గ్రాముల గంధకం నీటి ద్వారానే అందుతుంది. మేతలో వచ్చేదానికి ఇది తోడైతే మొత్తం దాదాపు రెట్టింపవుతుంది, దాణా ఎక్కువగా తినే పశువుకు అది ప్రమాదపు అంచు. గంధకం అధికమైతే రాగి ఒంటబట్టదు. వెంట్రుకల రంగు మారడం, ఎద ఆలస్యం కావడం దాని గుర్తులు. మరీ ఎక్కువైతే థయామిన్ (బి-1 విటమిన్) లోపించినప్పటిలాగే మెదడు దెబ్బతిని, పశువు చూపు మందగించి గోడకు తల ఆనించి నిలబడుతుంది. వాన నీటినో చెరువు నీటినో సగానికి సగం కలిపి తాగించినా ఫలితం ఉంటుంది.

ప్రశ్న: దేశవాళీ ఆవు పాలను గాజు సీసాలలో తెల్లవారుజామున గుమ్మం ముందు పెట్టి వెళ్తారు. నేను ఎనిమిదింటికి తీసుకుంటాను. కొన్నాళ్ళుగా కాలిన వెంట్రుకల వంటి వాసన వస్తోంది. ఆ రైతు దాణాలో ఏదో రసాయనం కలుపుతున్నాడని అనుమానం. ఎవరికి ఫిర్యాదు చేయాలి?
— గృహిణి, హైదరాబాద్

జవాబు: ఫిర్యాదు చేసే ముందు ఒక్క చిన్న పరీక్ష చేయండి. రేపు సీసా రాగానే లోపలికి తెచ్చి, సగం పాలను స్టీలు గిన్నెలో పోసి మూతపెట్టండి, మిగతా సగాన్ని సీసాలోనే ఎప్పటిలా గుమ్మం ముందు ఎండలో ఉంచండి. ఎనిమిదింటికి రెండూ వాసన చూడండి. సీసాలోని పాలే వాసన వస్తే ఆ రైతు దోషం ఏమీ లేదు.

పాలలో బి-2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్ ఉంటుంది. పాల విరుగుడు నీరు పచ్చగా కనిపించేది దానివల్లే. వెలుగు తగలగానే అది ఆ శక్తిని గ్రహించి పక్కనున్న మాంసకృత్తులలోని మిథియోనిన్‌ను ఆక్సీకరణం చేస్తుంది. అలా మిథియోనిన్ విరిగినప్పుడు ముందు మిథియోనాల్, తరువాత మీథేన్ థయాల్, చివరకు డైమిథైల్ డైసల్ఫైడ్ పుడతాయి. పారదర్శకమైన గాజు సీసాలోని పాలకు నేరుగా ఎండ తగిలితే పదిహేను ఇరవై నిమిషాలలోనే ఈ మార్పు ముక్కుకు తెలుస్తుంది. వాసన ఒక్కటే కాదు, ఆ విటమిన్ కూడా నశిస్తుంది. గేదె పాలైనా, ఆవు ఏ జాతిదైనా, ఏ దాణా తిన్నా ఇది జరిగి తీరుతుంది. సీసాకు గుడ్డ సంచి తొడిగి పెట్టమని చెప్పండి, లేదా గుమ్మం పక్కన మూత ఉన్న పెట్టె ఒకటి ఉంచండి.

పాలు కాచినప్పుడు వచ్చే కమ్మటి వాసన సంగతి వేరు. 75 డిగ్రీలు దాటగానే బీటా లాక్టోగ్లోబ్యులిన్ ముడి విప్పుకుని, లోపల దాగిన గంధకాన్ని బయటపెడుతుంది. స్వల్పంగా హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. మన ఇళ్ళలో పాలు కాచని రోజు ఉండదు కాబట్టి మనకది పాల వాసనగానే అలవాటైపోయింది.

ప్రశ్న: మా అబ్బాయికి సల్ఫా మందులు పడవని డాక్టరు గారు రాశారు. పాలలో సల్ఫర్ ఉంటుందని చదివి పాలు మానిపించాను. సరైనదేనా?
— విజయవాడ

జవాబు: కాదమ్మా, ఈరోజే మళ్ళీ పాలివ్వండి. ఆ అలర్జీ సల్ఫోనమైడ్ అనే మందుల అణువు నిర్మాణానికి సంబంధించినది, గంధకం అనే మూలకానికి కాదు. పప్పులోనూ గుడ్డులోనూ పాలలోనూ, మన శరీరంలోని ప్రతి కణంలోనూ గంధకం ఉంది. పాలు తాగినప్పుడు బాబుకు దద్దుర్లు, వాంతులు వంటివి ఎప్పుడైనా కనిపించి ఉంటే అది పాల మాంసకృత్తుల అలర్జీ కావచ్చు, దాన్ని మీ డాక్టరు గారికి విడిగా చెప్పండి.

ప్రశ్న: రాజస్థాన్ నుంచి వచ్చే ఆవచెక్క వేరుశనగ చెక్క కంటే చవకగా దొరుకుతోంది. దాణాలో వాడవచ్చా? పాలు ఘాటెక్కుతాయని ఒకరు, థైరాయిడ్ జబ్బు వస్తుందని మరొకరు అంటున్నారు.
— ఖమ్మం జిల్లా పాడి రైతు

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కానీ వాడకూడదనడం సరికాదు. ఉత్తర భారతంలో తరతరాలుగా పాడి పశువులకు ఆవచెక్కే ముఖ్యమైన చెక్క. అందులో మిథియోనిన్ వేరుశనగ చెక్కలో కంటే మెరుగ్గా ఉంటుంది. చిక్కంతా గ్లూకోసినోలేట్‌లు అనే గంధక పదార్థాలతో వస్తుంది. అవి విరిగినప్పుడు ఘాటునిచ్చే ఐసోథయోసయనేట్‌లు, వాటితోపాటు థయోసయనేట్ పుడతాయి.

థయోసయనేట్ పాలలోకి వస్తుంది. మామూలు పాలలో కూడా ఇది లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల మేర ఉంటుంది, ఆవచెక్క తింటే పెరుగుతుంది. పాలలో సహజంగా ఉండే లాక్టోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ దీన్ని వాడుకుని సూక్ష్మజీవులను అణచిపెడుతుంది. పాలను చల్లబరిచే సౌకర్యం లేనిచోట వాటిని కొన్ని గంటలు నిలబెట్టడానికి ఇదే పద్ధతిని ఉపయోగించుకోవచ్చంటూ 1991లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను రూపొందించే కోడెక్స్ సంస్థ మార్గదర్శకాలను కూడా ఇచ్చింది. కాబట్టి పాలలో కొంచెం థయోసయనేట్ ఉన్నంత మాత్రాన హడలిపోవలసిన పని లేదు.

అసలు నష్టం అయోడిన్ దగ్గర జరుగుతుంది. థైరాయిడ్ గ్రంథిలోకి, పొదుగులోకి అయోడిన్‌ను తీసుకుపోయే ద్వారం ఒకే రకమైనది. థయోసయనేట్ ఆ ద్వారం దగ్గర అయోడిన్‌తో పోటీపడి దాన్ని అడ్డుకుంటుంది. ఫలితంగా పాలలో అయోడిన్ తగ్గుతుంది, ఆ పాలు తాగే దూడకూ పిల్లలకూ అందేది తగ్గుతుంది. అందుచేత దాణాలో పది శాతంతో మొదలుపెట్టి, పాల వాసనను, పశువు తినే తీరును గమనిస్తూ నెమ్మదిగా పెంచండి, 20 శాతం దగ్గర ఆగండి. మూడు నెలల లోపు దూడల దాణాలో కలపవద్దు. తడి చెక్కలో ఘాటు త్వరగా పుడుతుంది కాబట్టి నానబెట్టిన దాణాను పాలు పితికే వేళకు ముందు పెట్టకుండా, పితికిన తరువాతే పెట్టండి. ఖనిజ లవణ మిశ్రమం సంచి మీద అయోడిన్ ఉన్నట్లు రాసి ఉందో లేదో చూసి కొనండి, దాణాలో వేసే ఉప్పు కూడా కళ్ళుప్పు కాకుండా అయోడిన్ కలిపినదే వాడండి.